కాలువ కట్టేముందు

పదిహేనో తారీకున కాలువ కట్టేస్తారు.
ఆ సంగతి జనానికి చెప్పే నోటు
సాయంత్రం అయిదింటికల్లా పత్రికలకి వెళ్లాలి.
"పాతది ఉంది కదమ్మా, తేదీ మార్చెయ్"
అన్నారు రాజోలు సెక్షనాఫీసులో భీమశంకరం గారు,
ఫైలు మీది దుమ్ము ఉఫ్‌మని ఊది.

పాతదాంట్లో
ఆరేళ్లుగా ప్రజలు సహకరించగలరు.
ఆరేళ్లుగా తగు చర్యలు తీసుకోబడుచున్నవి.
తగు అంటే ఎంతో,
ఏ బిందెతో కొలిచారో
ఎవరూ అడిగినట్టు లేదు.

పెన్ను మూత తియ్యలేదు నేను.
వాడేసిన టెండరు కాగితం వెనక్కి తిప్పి
పెన్సిలుతో ఒక్క మాట రాసుకున్నాను:
ఎవరికి?

లస్కరు ఏసుపాదం టీవీఎస్ వెనక కూర్చుని
గట్టు వెంబడి కిందికి, కిందికి.
లాకుల దగ్గర నీళ్లు గలగలమన్నాయి.
రెండో వంతెన దాటాక గొంతు తగ్గించాయి.
గుర్రపుడెక్క కింద ఎక్కడో
ఉన్నామంటే ఉన్నామన్నట్టు నడుస్తున్నాయి.
రొయ్యల చెరువు గట్టు మీంచి ఒకాయన కేకేశాడు:
"మా గురించేం రాత్తన్నారండీ?"
ఇంకా ఏమీ రాయలేదన్నాను.
"అదే మంచిది" అన్నాడు.

శివారు ఊళ్లో పంపు ఆపరేటరు వేరే పేరు,
పంపు తిప్పేది మాత్రం అతని భార్య గంగాభవాని.
మంచినీళ్ల చెరువు మెట్లు
తొమ్మిది పైకి తేలి ఉన్నాయి.
"నిండాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"
తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని లెక్కేసింది.
"పైవోళ్లు తోడుకున్నాకా మాకు సేరేది మూడోరోజండి.
ఆ పైన తొమ్మిది."
ఇవాళ తొమ్మిదో తారీకు.
నా పెన్సిలు అక్కడ ఆగిపోయింది.
"మూసివేత అని వత్తాదండి పేపర్లో,
బడి మూసేత్తారేమో అనుకుంది మా అత్త" అంది నవ్వుతూ.
ఆ మాట కొట్టేశాను.

తిరిగొచ్చేసరికి ఒంటిగంట.
ఏఈ ముక్తేశ్వరరావు గారు క్యారేజీ విప్పుతున్నారు.
పన్నెండు రోజులు, ఆరు రోజులు
పక్కపక్కన రాసి ఆయన ముందు పెట్టాను.
పులుసన్నం చల్లారేదాకా చూశారు.
తర్వాత ఫోను అందుకున్నారు.
నోటు ఇంకా పుట్టనేలేదు,
ఈలోగా పైన నాలుగు తూములు దిగాయి.

"ఇలాగైతే ఎంత నిండుతుంది?" గంగాభవానినే అడిగాను.
"ముప్పావు" అంది.
"మిగతా పావుకి ట్యాంకరు ఎప్పట్నుంచండీ?"
ఏఈ గారు క్యారేజీ మూత బిగించారు,
విప్పారు, మళ్లీ బిగించారు.
"మే మొదటివారం అని రాయి."
"ఏ రోజని రాయమంటారు?"
గోడ మీద క్యాలెండరు వైపు నడిచారాయన.
"మూడు."

అప్పుడు తీశాను పెన్ను మూత.
అయిదు వాక్యాలు, పావుగంట.
భీమశంకరం గారు చదివి
"సహకరించగలరు లేదేంటమ్మా" అన్నారు నిజంగానే దిగులుగా.

మర్నాడు పత్రికలో నాలుగు వాక్యాలే ఉన్నాయి.
అయిదోదాని చోట నగల దుకాణం మెరుస్తోంది.
మే మూడు ఎవరికీ తెలియలేదు.

పొద్దున్నే మైకు ఆటో రత్నరాజు ఫోను:
"నాలుగో ముక్క కాడ ఊపిరాడట్లేదండి మేడమ్‌గారూ."
ఎవరు చదువుతారో అనుకున్నాను గానీ
ఎవరు పైకి చదువుతారో అనుకోలేదు.
సిగ్గేసింది.
ఫోన్లోనే ఆ వాక్యాన్ని రెండుగా తుంచాం,
ట్యాంకరు తేదీ ముందుకి జరిపాం.
ఒకసారి చదివి వినిపించమన్నాను.
ఇంజను చప్పుడులో చదివాడు,
ఊపిరి సరిపోయింది.

మధ్యాహ్నం గట్టు మీద అతని గొంతు
నీళ్లకంటే ముందు శివారు వైపు వెళ్తోంది.
చివర్న నేను రాయని మాటొకటి చేర్చాడు:
"డ్రమ్ములు కడిగి పెట్టుకోండమ్మా, పాకుడు పట్టేసుంటాయి."
ఉండనిచ్చాను.

సాయంత్రం భీమశంకరం గారు
నోటుకి చిల్లులు పొడిచి ఫైల్లో దారం కట్టారు.
"బాగుందమ్మా. వచ్చే ఏడు
తేదీ మార్చుకుంటే చాలు."
ఆయన కళ్లజోడు తుడుచుకునే సందులో
టెండరు కాగితాన్ని
దాని పైన గుచ్చాను,
పెన్సిలు రాత పైకి కనపడేట్టు.